కూజాకి రెండో పిడి

ఇస్త్రీ కొట్టు వెనక గది,
వానలు పట్టిన వారం.

చెల్లాయ్,

నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే మోకాలు మామూలే, నిద్రలేకపోవడం మామూలే, తక్కినదంతా బాగానే. నువ్వు ఎలా ఉన్నావో మాత్రం తెలియడం లేదు. పోయిన ఉత్తరం మరీ రెండు ముక్కల్లో తేల్చేశావు. పని ఎక్కువైందా, ఒంట్లో బాగాలేదా, నా మీద కోపమా అని ఆలోచిస్తూ పొయ్యి మీద పాలు మరిచిపోయాను. గిన్నె మాడి బొగ్గయింది. ఆ పాపం నీదే.

ముందు ఇంటి సంగతి. కొట్టువాడు ఈ ఇల్లు అమ్మేశాడు. కొన్నవాడు పడగొట్టి కొత్తది కడతాడట. చలి మొదలయ్యేలోపు నేను గది ఖాళీ చెయ్యాలి. నువ్వేమో ఎప్పటినుంచో "వచ్చెయ్ అక్కా, ఇద్దరం కలిసి ఉందాం" అంటున్నావు. మా అల్లుడూ రమ్మంటున్నాడు, కానీ ఆ మాట అనేటప్పుడు నా మొహం చూడడు, గోడకేసి చూస్తాడు. అందుకని నీ దగ్గరికే అనుకున్నాను. నువ్వు ఊ అంటే టిక్కెట్టు తీయించుకుంటాను.

ఇక ఇంకో సంగతి. పెట్టెకి తాళం కొందామని పాతసామాన్ల సంతకి వెళ్ళాను. కొత్త తాళాలంటే నాకు నమ్మకం లేదు, వాటి తాళంచెవులు అందరి దగ్గరా ఉంటాయి. అక్కడ ఒకడు గోనెపట్టా మీద రాగి సామాను పరిచి కూర్చున్నాడు. దాంట్లో ఒక కూజా, ఒక బేసిను. మొహం చేతులు కడుక్కునే పాతకాలపు జత. చూడగానే అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కుడిచేయి పడిపోయాక నాన్న తన కొలిమి ముందు కూర్చుని ఆ పాత హోటల్ సామాన్లో కొన్న కూజాకి రెండో పిడి వెయ్యలేదూ, ఎడమచేయి మోచేతిదాకా గాజులా దూర్చుకుని ఒంపుకోవడానికి? సబ్బు పెట్టె జారిపోకుండా బేసిను అంచుకే రివిట్లు కొట్టేశాడు కూడానూ. ఊరందరి గిన్నెలకీ మాట్లు వేసినవాడు, తన పెళ్ళానికి ఒక్కటే వస్తువు చేసిపెట్టాడని అమ్మ దెప్పేది.

ఊరికే అడుగుతున్నాను. అది నీ దగ్గర భద్రంగా ఉందిగా? అమ్మ పోయాక నీకిచ్చేటప్పుడు నేనే చిరిగిన ఆసుపత్రి దుప్పట్లో చుట్టాను, చప్పుడవకుండా లోపల గుడ్డలు కూరాను, దొంగ చూసినా పాతగుడ్డల మూట అనుకోవాలని. అటక మీదే ఉంది కదా? ఒక్కసారి చూసి రాయి. ఏమీ లేదు, ఊరికే.

అక్క

*

మేడమీద గది.

బెంగమ్మక్కకి,

నీ గిన్నె మాడితే పాపం నాదా? నీ పొయ్యి, నీ పాలు, నీ మతిమరుపు.

టిక్కెట్టు తీయించుకో. ఊ అంటున్నాను, ఊ ఊ అని రెండుసార్లు అంటున్నాను. కిటికీ పక్క మంచం నీదే. అల్లుడిని గోడకేసే చూస్తూ ఉండమను.

అమ్మ కూజా ఎక్కడికి పోతుంది? అటక మీద ఉంది. దానికి కాళ్ళున్నాయా, రెక్కలున్నాయా?

ఎక్కువ రాయలేను. తలుపు సందులో వేలు పడింది. కంగారు పడకు, వేలు ఉంది.

చెల్లి

*

ఇస్త్రీ కొట్టు వెనక గది.

చెల్లాయ్,

వేలు ఉంది అని రాసినంత మాత్రాన కంగారు పడకుండా ఉండే మనిషినా నేను? ఏ వేలు? ఏ చేతిది? గోరు ఊడిందా? ఇవేమీ రాయలేదు.

ఇంకోటి. ఆ అక్షరాలు ఏమిటే? నేను చదివింది తక్కువే, కానీ నీ రాత చీకట్లో తడిమినా గుర్తుపడతాను. గుండ్రంగా, దండలో పూసల్లా రాసేదానివి. పోయినసారి రెండు ముక్కలే కాబట్టి తొందరలో గీకావనుకున్నాను. ఇప్పుడొచ్చినవి అన్నీ ఒకవైపుకి వాలిపోయి, వానలో కొట్టుకుపోతున్న చీమల్లా ఉన్నాయి. వేలు నలిగితే అక్షరాలు వాలిపోతాయా? ఇస్త్రీ కొట్టువాడికి కూడా చూపించాను, ఊరికే, చదవనివ్వలేదులే. "ఇది వేరేవాళ్ళ రాత లాగుంది మామ్మా" అన్నాడు. అప్పటినుంచి నిప్పుల మీద కూర్చున్నట్టుంది. వాడి ఫోన్లో మాట్లాడదామంటే ఒకటి, నాకు సరిగ్గా వినపడదు, రెండు, కొట్టుకొచ్చిన వాళ్ళంతా చొక్కాలు పట్టుకుని నిలబడి వింటారు.

నీ ఇంట్లో అద్దెకున్న ఆ కుట్టుమిషను పిల్ల ఎలాంటిది? మంచిదే అంటావు. నీకు అందరూ మంచివాళ్ళే. మా ఆసుపత్రి లాండ్రీలో నాతో పాటు దుప్పట్లు మడిచే ఆవిడ కూడా అద్దెకొచ్చిన మనిషి మంచిది మంచిది అంటూనే ఉండేది. ఆ మంచిది ముందు వంటింట్లోకి వచ్చింది, తర్వాత పెట్టె తాళంచెవి తీసుకుంది, చివరికి ఈవిడే అద్దెకున్నదానిలా గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావచ్చా అని అడిగే గతి పట్టింది.

అందుకని ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. అమ్మ ఆ కూజాని ఏమని పిలిచేది? మనిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నువ్వే రాస్తున్నదానివైతే చెప్పు.

ఓ కుట్టుమిషను అమ్మాయ్, ఈ ఉత్తరం నువ్వు విప్పి చదువుతున్నట్టయితే విను. పోలీసు స్టేషన్లో అందరి చొక్కాలూ మా కొట్టులోనే ఇస్త్రీ అవుతాయి. నాకు వాళ్ళ కాలర్ల కొలతలు కూడా తెలుసు.

అక్క

*

మేడమీద గది.

అనుమానాల అక్కా,

చంకపిల్ల. చాలా? చంటిపిల్లని చంకనేసుకున్నట్టు కూజాని చేతికి తగిలించుకుని తిరిగేది కాబట్టి, చంకపిల్ల. "నా ఇద్దరు కూతుళ్ళకంటే ఇదే నయం, అడగ్గానే నీళ్ళు పోస్తుంది" అనేది. అప్పుడు నువ్వు ఏడ్చావు. నేను నవ్వాను. ఇంకా కావాలా పరీక్షలు?

నీ ఉత్తరం ఆ పిల్లే చదివి వినిపించింది, నా కళ్ళద్దాలు కనపడక. కాలర్ల దగ్గరికి వచ్చేసరికి మిషను మీద పడి నవ్వింది. తను కూడా కాలర్లు కుట్టేదే కదా, నీతో పోటీకి వస్తుందట.

అటక మీద చూడమన్నాను. మూట ఉంది. నా తల మీద ఒట్టు. ఇక నిద్రపో.

రాత సంగతి వదిలెయ్. పెన్ను మంచిది కాదు. టిక్కెట్టు ఎప్పటికి తీయించావు? అది రాయకుండా కూజా కూజా అంటావేం?

చెల్లి

*

ఇస్త్రీ కొట్టు వెనక గది.

చెల్లెలికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇప్పుడు రాస్తున్నది పంపించేస్తాను.

మొదటి ఉత్తరంలో నీకు సగమే చెప్పాను. సంతలో చూశానని రాశాను. కొన్నానని రాయలేదు. అమ్మేవాడు అది మొక్కలకి నీళ్ళు పోసేదన్నాడు. కాదు నాయనా, ఈ సబ్బు పెట్టె ఎందుకు మరి అంటే, మొక్కలకి సబ్బు రాస్తారేమో నాకేం తెలుసమ్మా అన్నాడు. అడిగినదాంట్లో సగానికి ఇచ్చేశాడు, అదీ ఒక అనుమానమే. ఎక్కడి నుంచి వచ్చిందిరా అంటే మీ ఊరి పేరు చెప్పాడు. లారీలో రద్దు సామానుతో వచ్చిందట.

ఇది వేరే ఎవరిదో అయి ఉంటుంది, నాన్న లాంటి మాట్లవాడు ఇంకొకడు ఉండడా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటికి తెచ్చి తలుపు గడియ పెట్టి, కిటికీకి దుప్పటి కట్టి చూశాను. చిన్నప్పుడు నువ్వు మెట్ల మీంచి దొర్లించిన సొట్ట ఉంది. రెండో పిడి కింద రివిట్టు ఒకటి వంకర, ఆ వేళ నాన్నకి జ్వరం. కూజా గొంతులోంచి గుడ్డ లాగితే మా లాండ్రీ ఎర్రదారం గుర్తుతో దుప్పటి ముక్క వచ్చింది. నా చేత్తో కూరిన గుడ్డ. ఇంకేం కావాలి?

అయినా నేనేమన్నాను? ఏమీ అనలేదు. నువ్వే చెప్తావేమో అని చూశాను. "అక్కా, ఇబ్బంది వచ్చి అమ్మేశాను" అంటే నేను తిట్టేదాన్నా? తిట్టేదాన్నే, కానీ ఒక పూట. అటక మీద ఉందన్నావు. మళ్ళీ అడిగితే తల మీద ఒట్టు వేశావు. నీ తల మీద నువ్వే ఒట్టేసుకుని అబద్ధం ఆడితే, నీకేమవుతుందో అని ఇప్పుడు ఆ బెంగ కూడా నాదే.

ఆ పిల్ల రాసిందని అనుకున్నాను, చంకపిల్ల మాటతో అదీ పోయింది. రాసింది నువ్వే. అబద్ధం ఆడిందీ నువ్వే. కూజా పోతే పోయింది, మన మధ్య దాపరికం ఎప్పుడొచ్చింది? అమ్మ వస్తువునే సంతకి పంపినదానివి, రేపు నన్ను కిటికీ పక్క మంచం మీంచి ఎక్కడికి పంపుతావో.

నేను రావడం లేదు. అల్లుడింటికే వెళ్తాను. అతను గోడకేసి చూస్తాడు, కానీ ఒట్లు వెయ్యడు.

నీకు నిజం చెప్పాలనిపిస్తే రాయి. లేకపోతే రాయకు.

అక్క

(ఇంకొక మాట. పిడిలో నా చేయి దూర్చి చూశాను. సగందాకా వెళ్ళి ఆగిపోయింది. లాండ్రీ పనితో మొద్దుబారిన చేయి. ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.)

*

కింద వీధి గది.

అక్కా,

పైన చూశావా, ఏ గది నుంచి రాస్తున్నానో. ఇన్నాళ్ళూ మేడమీద అని రాసింది అబద్ధం. మేడమీద ఇప్పుడు కుట్టుమిషను పిల్ల ఉంటోంది. నేను కిందికి దిగిపోయాను. మెట్లెక్కలేను.

నా కుడిచేయి పడిపోయింది. అమ్మకి పడినట్టే. ఎండాకాలం చివర, బీరువా తలుపు తియ్యబోతే చేయి నాది కాదన్నట్టు జారిపోయింది. మూతి కూడా కాస్త వంకర పోయింది, ఇప్పుడు సర్దుకుంది, నవ్వితే తప్ప తెలియదు. కాలు ఈడ్చుకుంటూ నడుస్తాను. ఆ పిల్లే ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఆ పిల్లే తీసుకొచ్చింది, గదులు మార్చిందీ ఆ పిల్లే. నువ్వు చూసిన చీమలు నా ఎడమచేతివి. ఇది రాయడానికి పొద్దున కూర్చున్నాను. కాగితం జారిపోకుండా మీద ఇస్త్రీపెట్టె పెట్టుకున్నాను. నీ గుర్తుకి.

ఎందుకు చెప్పలేదంటావు. చెప్తే ఏం చేసేదానివో చెప్పనా? ఉత్తరం సగం చదివి చెప్పులు మరిచిపోయి బస్సెక్కేదానివి. వచ్చి నా మంచం పక్కన కూర్చుని నన్ను ఏడిపించేదానివి. జన్మంతా రోగుల దుప్పట్లే ఉతికావు. ఇప్పుడు ఇంకో రోగి దగ్గరికి రమ్మని పిలవనా? నీకు ఇల్లు లేక వస్తున్నావని అనుకోవాలని చూశాను, నాకు చేయి లేక పిలుస్తున్నానని కాదు. వచ్చాక చూస్తావు, అప్పుడు తిడతావు, అప్పటికి టిక్కెట్టు వాపసు ఇచ్చే వీలుండదు. అదీ నా ఎత్తు. పాడైంది.

కూజా సంగతి. అటక ఉన్నది మేడమీద. నేను ఎక్కి చూడలేను. నువ్వు అడిగినప్పుడు ఆ పిల్లని చూసి చెప్పమన్నాను. మూట ఉందంది. నేను ఒట్టేశాను. నీ రెండో ఉత్తరం తర్వాత కూడా ఉందనే అనుకున్నాను. మొన్న నీ ఉత్తరం రాగానే మూట కిందికి దింపించాను. విప్పితే ఏమున్నాయి? నా పాత దిండుగలీబులు.

అక్కా, అటక మీద రెండు మూటలు ఉండేవి. గదులు మార్చేటప్పుడు ఆ పిల్ల "పిన్నీ, ఈ చిరుగుగుడ్డల మూట రద్దువాడికి ఇచ్చెయ్యనా" అని కింద నుంచి అరిచింది. నేను మంచంలో ఉన్నాను, ఇచ్చెయ్ అన్నాను. నాకేం తెలుసు ఏ మూటో. బరువుగా ఉందేమిటా అని తనకీ అనిపించిందట, వానకి అటక కారి గుడ్డలు నానాయేమో అనుకుందట. దొంగ చూసినా గుడ్డలనుకోవాలని కట్టావుగా. దొంగేమిటి, ఇంట్లో ఉన్నవాళ్ళమే అనుకున్నాం. చప్పుడు కూడా కాలేదు. నీ అంత జాగ్రత్తగా ఎవరు కట్టగలరు?

ఆ పిల్ల రెండు రోజులుగా ఏడుస్తోంది. రద్దువాడి దగ్గరికి కూడా వెళ్ళింది. వాడు "రాగా? రాగి ఏమిటి?" అని ఆకాశంకేసి చూశాడట.

కోపం ఉంటే ఉంచుకో. అల్లుడింటికి వెళ్తే వెళ్ళు. కానీ అబద్ధం ఆడానని మాత్రం వెళ్ళకు. కూజా గురించి నేను అబద్ధం ఆడలేదు, చేతి గురించే ఆడాను.

నీళ్ళు ఎలా ఒంపుకుంటానో తెలుసా? చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటాను. సగం బట్టల మీదే పోతాయి. అమ్మ ఎంత సులువుగా ఒంపుకునేదో ఇప్పుడు తెలుస్తోంది.

చెల్లి

*

ఇస్త్రీ కొట్టు వెనక గది.

ఒసేయ్ చెల్లాయ్,

నీ ఉత్తరం చెప్పులేసుకునే చదివాను, ఆ మాట పడకూడదని.

నిన్ను తిట్టడానికి చాలా ఉంది, దారంతా కూర్చుని తయారుచేసుకుంటాను, ఇప్పుడు రాసి ఖర్చు పెట్టుకోను. ఎండాకాలం చివర అంటే నేను ఇక్కడ గాలి ఆడడం లేదని నీకు ఉత్తరం రాసి గోల పెట్టిన రోజులు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. నీ రాత చూసి కూడా నాకు తట్టలేదు. తాళాల మీద పడ్డాను, సంతవాడి మీద పడ్డాను, పాపం ఆ పిల్ల మీద పడ్డాను. నా అనుమానమంతా కూజా మీదే తిరిగింది, నీ చేతి మీదికి ఒక్కసారి కూడా పోలేదు. ఏం చేసుకోను ఇన్ని అనుమానాలు పెట్టుకుని?

ఆ పిల్లని ఏడవొద్దను. మూట కట్టింది నేను. అయినా ఒక మాట అడుగు, అంత బరువైనదాన్ని ఒక్కసారైనా విప్పి చూడాలనిపించలేదా? వద్దులే, అడగకు. వచ్చాక నేనే అడుగుతాను, మెల్లిగా. ఆసుపత్రికి తీసుకెళ్ళిన పిల్ల కదా.

అల్లుడికి చెప్పేశాను, రావడం లేదని. ఈసారి నా మొహం చూసి మాట్లాడాడు. సంతోషం పట్టలేక అనుకుంటాను. బస్సు దాకా వచ్చి ఎక్కిస్తానన్నాడు. ఎక్కానో లేదో చూసుకోవడానికే అయి ఉంటుంది.

గురువారం బయల్దేరుతున్నాను. కూజాని కళాయివాడి దగ్గర పెట్టి లోపల కళాయి వేయించాను. వాడు పని చేస్తున్నంతసేపూ ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను, మార్చేస్తాడేమోనని. "నాలుగు తరాలుగా ఈ పని చేస్తున్నామమ్మా" అన్నాడు. అయినా కూర్చున్నాను. సొట్ట తియ్యమంటారా అన్నాడు. వద్దన్నాను, అది మా చెల్లెలిది. వంకర రివిట్టు కూడా ముట్టుకోనివ్వలేదు.

బస్సులో గుడ్డలో చుట్టను. ఒకసారి చుట్టింది చాలు. ఎవడైనా చూస్తే చూడనీ. బేసిను సంచిలో పెడతాను, కూజా మాత్రం ఒళ్ళోనే. పక్క సీటు మనిషి ఇది ఏమిటని అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు, అడిగేవాళ్ళంటే నాకు భయం. మొక్కలకి నీళ్ళు పోసేది అని చెప్తాను.

నేను వచ్చేదాకా మోకాళ్ళ మధ్య చెంబు ఇరికించుకోవడం లాంటివి చెయ్యకు, కింద తడైతే జారతావు, ఎడమచేయి కూడా విరుగుతుంది, అప్పుడు ఉత్తరాలు కాలితో రాస్తావు. ఆ పిల్లని ఒంపమను.

మొదటిరోజు నేను ఒంపుతాను. అమ్మ అడ్డం చెప్పినా ఒంపేదాన్ని. ఆ తర్వాత నీదే. పిడిలో నా చేయి దూరలేదని రాశానుగా, దాని గురించి నిన్న మళ్ళీ ఆలోచించాను. నాన్న అమ్మ చేతికి కొలత తీసి చేసిన పిడి అది, నాకెందుకు దూరుతుంది? నీవి చిన్నప్పటినుంచీ సన్నటి చేతులు, గాజులన్నీ జారిపోయేవి. నీ ఎడమచేయి మోచేతిదాకా వెళ్తుంది చూడు.

చంకపిల్లని చంకనేసుకుని వస్తున్నాను. తలుపు గడియ తీసి ఉంచు. వద్దు, వేసే ఉంచు, నేను పిలుస్తాను.

అక్క